ఇరవై ముఖాల పాచిక

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటకు చివరి గడి లేదు. వైకుంఠపాళిలో పావు పరమపదం చేరితే ఆట అయిపోతుంది. పచ్చీసులో కాయలన్నీ పండితే అయిపోతుంది. ఇందులో అలాంటి గమ్యం ఉండదు, ఒకరు గెలిచి మరొకరు ఓడడమూ ఉండదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర ధరించి, అందరూ కలిసి ఒక కథను నోటిమాటగా నడుపుతారు. కథలో ఏం జరిగిందో కొంత వాళ్ల మాట తేలుస్తుంది, కొంత పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో అచ్చయిన ఈ ఆటతోనే రోల్ ప్లేయింగ్ గేమ్ అనే కొత్త జాతి మొదలైంది. బల్ల మీద ఆడేది కాబట్టి దీన్ని టేబుల్‌టాప్ ఆట అంటారు. ఇవాళ కంప్యూటర్లలో, ఫోన్లలో ఆడే పిల్లల నోట వినిపించే లెవెల్, ఎక్స్‌పీ, హిట్ పాయింట్లు, క్లాస్ లాంటి మాటలు చాలావరకు ఈ బల్ల మీది నుంచి వెళ్లినవే.

ఆట నడిచే తీరు

ఆడేవాళ్లలో ఒకరు డంజన్ మాస్టర్. ఇదే జాతికి చెందిన ఇతర ఆటల్లో గేమ్ మాస్టర్ అంటారు. నాటకాల భాషలో చెప్పాలంటే సూత్రధారి. ఊళ్లు, అడవులు, పాడుబడ్డ కోటలు, వాటి కింద నేలమాళిగలు, అక్కడ కాపు కాసే భూతాలు, దారిలో తగిలే వర్తకుడు, సత్రం నడిపే ముసలమ్మ, ఇలా ఆ లోకంలోని సమస్తమూ సూత్రధారి చేతిలో ఉంటుంది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడుపుతారు. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దైవబలంతో గాయాలు మాన్పే పూజారి, ఒకరు తాళాలు తీయడంలో చెయ్యితిరిగిన దొంగ. ఏ ఒక్కరికీ అన్నీ చేతకావు. అందుకే జట్టుగా వెళ్లక తప్పదు.

సూత్రధారి ఒక దృశ్యం వర్ణిస్తాడు. మెట్లు దిగగానే ఇనుప తలుపు, దానికి తాళం, లోపలి నుంచి గురక. ఏం చేస్తారని అడుగుతాడు. తాళం తీస్తానంటాడు దొంగ. పగలగొడతానంటాడు యోధుడు. మర్యాదగా తలుపు తట్టి చూద్దామంటుంది మంత్రగత్తె పాత్ర ధరించిన అమ్మాయి. ఆట కిటుకంతా ఈ మూడో జవాబులో ఉంది. తలుపు తట్టడం గురించి నియమాల పుస్తకంలో ఒక్క ముక్కా ఉండకపోవచ్చు. అయినా దానికి సూత్రధారి అప్పటికప్పుడు ఫలితం చెప్పాలి. చదరంగంలో గుర్రానికి ఇన్నే ఎత్తులని లెక్క ఉంటుంది. ఇక్కడ మనిషికి తోచిన ప్రతి పనీ ఒక ఎత్తే.

ఒక కూర్చోడంలో కథ పూర్తి కాదు. మూడు నాలుగు గంటలు ఆడి ఆపుతారు, వచ్చే వారం అక్కడి నుంచే అందుకుంటారు. అలా నెలలూ ఏళ్లూ సాగే కథను క్యాంపెయిన్ అంటారు. పాత్ర చచ్చిపోతే తప్ప మారదు. గెలిచిన పోరాటాలు అనుభవ పాయింట్లుగా, అంటే ఎక్స్‌పీగా, జమ అవుతాయి. అవి కొంత పోగుపడితే పాత్ర ఒక మెట్టు ఎక్కుతుంది, బలం పెరుగుతుంది, కొత్త విద్యలు వస్తాయి. ఆ మెట్టునే లెవెల్ అంటారు. తొలినాటి నియమాల్లో దక్కించుకున్న ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు వచ్చేది. అందుకే అప్పటి ఆటగాళ్లు భూతాలతో తలపడేకన్నా వాటి కన్నుగప్పి ధనం తేవడానికే ఎక్కువగా ఎత్తులు వేసేవారు.

పాచికల లెక్క

ప్రతి పాత్రకూ ఆరు గుణాలుంటాయి. అవి బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. పాత పద్ధతిలో ఒక్కో గుణానికి ఆరుముఖాల పాచికలు మూడు వేసి మొత్తం కూడతారు. మూడు పాచికలు 216 రకాలుగా పడవచ్చు. వాటిలో 18 వచ్చేది ఒక్కటే. 10 గానీ 11 గానీ వచ్చేవి 54, అంటే సరిగ్గా నాలుగో వంతు. కాబట్టి ఆ లోకంలో సామాన్యులే ఎక్కువ, భీముడంతటి వాడు ఎప్పుడో గానీ పుట్టడు. ఈ ఏర్పాటు పుస్తకంలో ఎక్కడా వాక్యంగా రాయనక్కర్లేకుండా పాచికలే చూసుకుంటాయి.

గుణం నుంచి ఒక హెచ్చుతగ్గు అంకె వస్తుంది. ఇప్పటి నియమాల ప్రకారం గుణం 10 ఉంటే సున్నా, 16 ఉంటే మూడు కలుపు, 8 ఉంటే ఒకటి తీసివేత. ఆ ఇనుప తలుపు తాళానికి సూత్రధారి 15 కష్టాంకం పెట్టాడనుకుంటే, చురుకుదనం 16 ఉన్న దొంగకు మూడు, ఆ పనిలో శిక్షణ ఉన్నందుకు మరో రెండు, మొత్తం అయిదు కలుస్తాయి. ఇరవై ముఖాల పాచిక వేస్తే 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. ఇరవైలో పదకొండు ముఖాలు అతనికి అనుకూలం, అంటే నూటికి 55 వంతులు. పరిస్థితి కలిసొస్తే పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోనిస్తారు. అప్పుడు అవకాశం దాదాపు 80 వంతులకు పెరుగుతుంది. కత్తి దెబ్బ తగిలిందా, అబద్ధం అతికిందా, గోడ ఎక్కగలిగాడా అన్న ప్రశ్నలన్నిటికీ లెక్క ఇదే తీరు.

దెబ్బ తగిలాక ఎంత గాయమో వేరే పాచిక చెబుతుంది. బాకుకు నాలుగు ముఖాలది, పొడవాటి ఖడ్గానికి ఎనిమిది ముఖాలది, పెద్ద గండ్రగొడ్డలికి పన్నెండు ముఖాలది. ఆ అంకె ఎదుటివాడి హిట్ పాయింట్ల నుంచి తగ్గుతుంది, అవి సున్నాకు చేరితే నేలకూలతాడు. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల ఆకారాలు గణితంలో ప్లేటో ఘనాలుగా పేరుపడ్డవి. తొలి ఆటగాళ్లకు ఈ పాచికలు ఆటబొమ్మల దుకాణంలో దొరకలేదు. బడులకు గణిత బోధన సామగ్రి అమ్మే సంస్థ నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. పది ముఖాలది తర్వాత చేరింది.

సైనిక శిక్షణ నుంచి నేలమాళిగకు

ఈ ఆటకు వేరు కథల్లో లేదు, సైనిక శిక్షణలో ఉంది. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో ‘క్రీగ్‌ష్పీల్’ అనే యుద్ధక్రీడను తీర్చిదిద్దాడు. పటం మీద దిమ్మెలు జరుపుతూ అధికారులు యుద్ధం ఆడేవారు. కాల్పుల ఫలితం పాచికలతో తేలేది. ఏ పక్షానికీ చెందని ఒక మధ్యవర్తి రెండు పక్షాల ఆజ్ఞలూ విని, ఏం జరిగిందో చెప్పేవాడు. పట్టికలు చూసి చూసి విసిగిన తర్వాతి తరం, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పు ఉంటే పట్టికలతో పనేమిటనే దాకా వెళ్లింది. డంజన్ మాస్టర్‌కు పూర్వీకుడు ఆ మధ్యవర్తే.

యుద్ధక్రీడ క్రమంగా దండు విడిచి ఇళ్లలోకి వచ్చింది. బొమ్మ సైనికులతో ఆడుకోవడానికి ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే నియమాల పుస్తకం రాశాడు. 1960ల నాటికి అమెరికాలో ఊరూరా యుద్ధక్రీడల సంఘాలు వెలిశాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో గ్యారీ గైగాక్స్ 1968లో ఈ అభిమానులందరినీ ఒకచోట చేర్చాడు. ‘జెన్ కాన్’ అనే ఆ జాతర ఇప్పటికీ ఏటా జరుగుతోంది. గైగాక్స్ బీమా సంస్థలో ఉద్యోగం చేసి, అది పోయాక చెప్పులు బాగుచేస్తూ ఇల్లు గడిపినవాడు. 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి అతను తెచ్చిన ‘చెయిన్‌మెయిల్’ మధ్యయుగ యుద్ధాల నియమావళి. దాని చివర డ్రాగన్లకూ మంత్రగాళ్లకూ నియమాలతో ఒక అనుబంధం ఉంది.

పొరుగు రాష్ట్రం మిన్నెసోటాలో మరో ప్రయోగం జరుగుతోంది. డేవిడ్ వెస్లీ 1969లో ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఆట నడిపాడు. అందులో ఆటగాడి చేతికి సేన రాలేదు, ఒక్క మనిషి వచ్చాడు. ఒకరు ఊరి మేయరు, ఒకరు విద్యార్థి నాయకుడు. ఎవరి పని వారిది, ఎవరి పన్నాగం వారిది. ఆ ఆటలో పాల్గొన్న చరిత్ర విద్యార్థి డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతంలో ‘బ్లాక్‌మూర్’ అనే కల్పిత సీమను తయారుచేసి, కోట కింద సొరంగాలు తవ్వి, స్నేహితులను అందులోకి దింపాడు. ఒక వారం సంపాదించిన అనుభవం మరుసటి వారానికి పనికిరావడం అక్కడే రూపుదిద్దుకుంది. 1972 చివర ఆర్నెసన్ లేక్ జెనీవా వచ్చి ఈ ఆటను గైగాక్స్‌కు ఆడి చూపించాడు. ఆర్నెసన్ కాగితాలను ముందు పెట్టుకుని గైగాక్స్ నియమాలు రాయడానికి కూర్చున్నాడు.

వాటిని సొంతంగా అచ్చు వేయడానికి గైగాక్స్, అతని చిన్ననాటి మిత్రుడు డాన్ కే కలిసి 1973లో టీఎస్ఆర్ అనే సంస్థ పెట్టారు. 1974 జనవరిలో వెయ్యి ప్రతులు వచ్చాయి. చెక్క చారల కాగితం అంటించిన పెట్టె, అందులో మూడు పల్చని పుస్తకాలు, వెల పది డాలర్లు. పెట్టెలు సర్దింది ఇంట్లోనే, చేతులతోనే. ఏడాది తిరగకుండా అవి అమ్ముడుపోయాయి.

ఆ పుస్తకాలు చదివి ఆట నేర్చుకోవడం ఎవరికీ తేలిక కాలేదు. చాలాచోట్ల ఖాళీలుండేవి, ఒకదానితో ఒకటి పొసగని మాటలుండేవి. ఆ లోపమే ఒక విధంగా కలిసొచ్చింది. ప్రతి ఊరి జట్టూ ఖాళీలను తనకు తోచినట్టు పూరించుకుంది, కొందరు ఏకంగా వేరే ఆటలే రాసేశారు. 1975లో ‘టన్నెల్స్ అండ్ ట్రోల్స్’, 1977లో అంతరిక్ష వాణిజ్యం గురించిన ‘ట్రావెలర్’, 1978లో ‘రూన్‌క్వెస్ట్’, 1981లో పాత్రల మతిస్థిమితాన్ని కూడా అంకెల్లో కొలిచే ‘కాల్ ఆఫ్ కథుల్హూ’ వచ్చాయి. టీఎస్ఆర్ కూడా 1977 నుంచి 1979 దాకా మూడు గట్టి అట్టల పుస్తకాలుగా నియమాలను మళ్లీ రాయించి, వాటికి ‘అడ్వాన్స్‌డ్’ అనే మాట తగిలించింది.

అరువు కథలు, పులితల రాక్షసుడు

ఆటలోని లోకం ఏ ఒక్కరి కల్పనా కాదు. పొట్టివాళ్లు, ఎల్ఫులు, ఓర్కులు టోల్కీన్ నవలల నుంచి వచ్చారు. ‘హాబిట్’ అనే పేరు మీద హక్కుదారులు అభ్యంతరం చెప్పడంతో అది ‘హాఫ్‌లింగ్’ అయింది. కత్తి వీరుల దూకుడు రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసిన కోనన్ కథలది. మంత్రగాడు పొద్దున్నే మంత్రాన్ని మనసులో నిలుపుకోవాలి, ఒకసారి ప్రయోగించగానే అది చెరిగిపోవాలి అన్న నియమం జాక్ వాన్స్ రచనలది. పురాణాల నుంచీ చేతికందినదల్లా తీసుకున్నారు. గ్రీకు, నార్స్ దేవతల పక్కన ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, విష్ణువు కూడా అంకెలతో సహా 1980 నాటి ‘డెయిటీస్ అండ్ డెమిగాడ్స్’ పుస్తకంలోకి ఎక్కారు.

భారతీయ కథల నుంచి వెళ్లినవాటిలో ఆటగాళ్లందరికీ తెలిసినవాడు రాక్షసుడు. అక్కడి పేరు కూడా ‘రాక్షస’ అనే. తెలుగువారికి రాక్షసుడంటే బుర్రమీసాలు, కోరలు, భుజాన గద. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’ బొమ్మలో మాత్రం అతనిది పులితల. ఖరీదైన అంగీ తొడుక్కుని, పొగగొట్టం పట్టుకుని కులాసాగా కూర్చుని ఉంటాడు. అరచేతులు వెనక్కి తిరిగి ఉండడం ఈ జాతి గుర్తుగా స్థిరపడింది. మంత్రించిన అడ్డవిల్లు బాణం తగిలితే మాత్రం అక్కడికక్కడే చస్తాడు. గైగాక్స్ ఈ బాణం సంగతిని తీసుకున్నది రామాయణం నుంచి కాదు, 1974లో అమెరికా టీవీలో వచ్చిన ‘కోల్చాక్’ అనే భయానక ధారావాహికలోని ఒక భాగం నుంచి. ఇన్ని మార్పుల్లోనూ ఒక లక్షణం చెడకుండా మిగిలింది. ఈ రాక్షసుడు కామరూపి. ఎదుటివాడు నమ్మే మనిషి వేషంలో దగ్గరికి వస్తాడు, మారీచుడి లాగే.

భారతదేశంతో మరో రెండు సంబంధాలున్నాయి. టీఎస్ఆర్ 1975లో అచ్చువేసిన ‘ఎంపైర్ ఆఫ్ ద పెటల్ త్రోన్’ రచయిత ఎం.ఎ.ఆర్. బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ, దక్షిణాసియా భాషలు బోధించిన భాషావేత్త. అతను అల్లిన టెకుమెల్ లోకం ఐరోపా మధ్యయుగాలను పక్కనపెట్టి భారతదేశం, మధ్య అమెరికా నాగరికతల ఛాయలతో సాగుతుంది. 2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటాడెల్’ సంపుటిలో భారతీయ రచయిత్రి మిమి మండల్ రాసిన సాహసం బెంగాలీ నేపథ్యంతో, శంఖభూమి అనే సీమలో నడుస్తుంది.

అపవాదులు, అమ్మకాలు, హక్కులు

1979లో మిషిగన్‌లో ఒక కళాశాల విద్యార్థి కనిపించకుండా పోయాడు. ఆట పిచ్చిలో సొరంగాల్లోకి దిగి తప్పిపోయాడని పత్రికలు రాశాయి. నెల తిరిగేసరికి అతను వేరే చోట బతికే దొరికాడు, ఆటకూ అతని అదృశ్యానికీ సంబంధం లేదని తేలింది. అప్పటికే వార్త దేశమంతా పాకింది. ఆట పిల్లలను క్షుద్రపూజలకు, ఆత్మహత్యలకు పురికొల్పుతుందంటూ 1980లలో అమెరికాలో పెద్ద ఉద్యమమే లేచింది. ఆ ఆరోపణలకు ఆధారం దొరకలేదు గానీ, ఆ గోల వల్ల ఆట పేరు ఎరగని ఇల్లు లేకుండా పోయింది, అమ్మకాలు పెరిగాయి.

సంస్థ కథ అంత సాఫీగా సాగలేదు. రాబడి వాటా కోసం ఆర్నెసన్ కోర్టుకెక్కాడు. గైగాక్స్ 1980ల నడుమ సొంత సంస్థ నుంచే బయటికి రావలసి వచ్చింది. అప్పుల్లో మునిగిన టీఎస్ఆర్‌ను 1997లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనేసింది. రెండేళ్లకు ఆ సంస్థను హాస్‌బ్రో కొంది. 2000లో మూడో కూర్పుతో పాటు విజర్డ్స్ ఒక అరుదైన పని చేసింది. ఆట మూల నియమాలను ఎవరైనా వాడుకుని సొంత పుస్తకాలు అమ్ముకోవచ్చని ‘ఓపెన్ గేమ్ లైసెన్స్’ ఇచ్చింది. దాని ఆసరాతోనే 2009లో ‘పాత్‌ఫైండర్’ అనే పోటీ ఆట నిలదొక్కుకుంది. 2023 జనవరిలో ఆ అనుమతిని బిగించే ప్రయత్నం బయటపడగానే ఆటగాళ్లు తిరగబడ్డారు. సంస్థ వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ విడిచిపెట్టింది.

కంప్యూటర్‌లోకి తొలి అడుగులు

అంకెలు, పట్టికలు, యాదృచ్ఛిక సంఖ్యలు నిండిన ఈ ఆట కంప్యూటర్ కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. పెట్టె బజారుకొచ్చిన మరుసటి ఏడే, అంటే 1975లో, ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని ప్లేటో అనే బోధన కంప్యూటర్ వ్యవస్థ మీద నేలమాళిగల ఆటలు వెలిశాయి. ఆటలు కనిపిస్తే నిర్వాహకులు చెరిపేసేవారు. అందుకని ఒకతను తన ఆటను ‘పెడిట్5’ అనే పాఠం ఫైలు పేరుతో దాచాడు. అదీ చివరికి చెరిపివేతకు గురైంది. అదే కాలంలో గుహల్లో తిరిగే అలవాటూ, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే అలవాటూ రెండూ ఉన్న విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, కెంటకీ గుహలను అక్షరాల్లో వర్ణిస్తూ ‘అడ్వెంచర్’ రాశాడు. కంప్యూటర్ వర్ణించేది, ఆటగాడు ఒకటి రెండు మాటల్లో ఏం చేయాలో టైపు చేసేవాడు. ప్రోగ్రాముకు తెలిసిన మాటలు మాత్రం కొన్నే.

ఆ తర్వాత వచ్చిన ఒక్కో ఆట బల్ల మీద జరిగే పనిలో ఒక్కో ముక్కను పట్టుకుంది. 1980 నాటి ‘రోగ్’ సూత్రధారి నేలమాళిగ గీసే పనిని ప్రోగ్రాముకు అప్పగించింది. ప్రతిసారీ కొత్త గదులు, కొత్త దారులు. చస్తే మళ్లీ మొదటికే. 1981లో కోర్నెల్ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ తెచ్చిన ‘విజర్డ్రీ’ ఆరుగురి జట్టును పట్టుకుంది. ఆటగాళ్లు పక్కన గళ్ల కాగితం పెట్టుకుని పటం గీసుకునేవారు. టెక్సస్ కుర్రవాడు రిచర్డ్ గ్యారియట్ తన తొలి ఆట ‘అకలబెత్’ను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి దుకాణంలో అమ్మి, 1981లో ‘అల్టిమా’తో ఊళ్లూ సముద్రాలూ ఉన్న విశాల లోకాన్ని తెర మీదికి తెచ్చాడు.

బల్ల దగ్గరి తోడు మనుషులను పట్టుకున్నది ఇంగ్లండ్. ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా 1978లో మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లిన ‘మడ్’లో అనేకమంది ఒకేసారి ఒకే కల్పిత లోకంలో తిరగగలిగారు. లక్షలమంది ఆడిన ‘ఎవర్‌క్వెస్ట్’ (1999), ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ (2004) ఆ వంశంలోవే. జపాన్‌కు విజర్డ్రీ, అల్టిమా వెళ్లాయి. వాటిని చూసి ‘డ్రాగన్ క్వెస్ట్’ (1986), ‘ఫైనల్ ఫాంటసీ’ (1987) పుట్టాయి. చాలామంది జపాన్ పిల్లలకు బల్ల మీది ఆట కంటే ముందు దాని మనవలే పరిచయమయ్యాయి.

పేరు, నియమాలు తెర మీదికి

ఇవన్నీ ఆట వాసన ఉన్నవే గానీ, అధికారికంగా ఆ పేరు పెట్టుకున్నవి కావు. అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలను నిజాయితీగా తెర మీదికి తెచ్చిన మొదటి ఆట 1988లో ఎస్ఎస్ఐ సంస్థ విడుదల చేసిన ‘పూల్ ఆఫ్ రేడియన్స్’. బంగారు రంగు అట్టపెట్టెల వల్ల ఆ వరుసకు ‘గోల్డ్ బాక్స్’ ఆటలని పేరొచ్చింది. కథ జరిగేది ‘ఫర్గాటెన్ రెల్మ్స్’ అనే సీమలో. కెనడాకు చెందిన ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నతనం నుంచీ అల్లుకుంటూ వచ్చిన ఆ సీమను టీఎస్ఆర్ 1987లో ప్రచురించింది.

కెనడాలోనే, ఎడ్మంటన్ నగరంలో, ముగ్గురు వైద్యులు 1995లో బయోవేర్ అనే సంస్థ పెట్టారు. 1998 చివర్లో వాళ్లు తెచ్చిన ‘బాల్డర్స్ గేట్’ తోడుపాత్రలకు నోరిచ్చింది. జట్టులోని సహచరులు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటారు, నాయకుడి పనులు నచ్చకపోతే వదిలేసి పోతారు. పాచికలు లోపల దొర్లుతూనే ఉంటాయి. ఆటగాడు ఎప్పుడైనా ఆట ఆపి, ఆజ్ఞలిచ్చి, మళ్లీ నడిపించవచ్చు. 2000లో వచ్చిన రెండో భాగంలో వేషం మార్చే రాక్షసులూ ఎదురవుతారు. బాల్డర్స్ గేట్‌ను నడిపిన సాఫ్ట్‌వేర్ ఇంజిన్ మీదే బ్లాక్ ఐల్ స్టూడియో 1999లో చేసిన ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’లో కత్తి తీసేకన్నా మాట్లాడడమే ఎక్కువ. చావు రాని, గతం గుర్తులేని ఒక మనిషి తానెవరో వెతుక్కునే కథ అది.

మిగతా టేబుల్‌టాప్ ఆటలూ ఇదే దారి పట్టాయి. 1997 నాటి ‘ఫాల్‌అవుట్’ను మొదట ‘గర్ప్స్’ అనే టేబుల్‌టాప్ ఆట నియమాల మీద కట్టారు. ఒప్పందం చెడడంతో ఏడు గుణాల కొత్త పద్ధతిని హడావుడిగా తయారుచేసుకున్నారు. మైక్ పాండ్‌స్మిత్ 1988లో రాసిన ‘సైబర్‌పంక్’ నుంచి పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2020లో ‘సైబర్‌పంక్ 2077’ తీసింది. ఎస్టోనియాలో కొందరు మిత్రులు బల్ల చుట్టూ ఆడుకున్న కల్పిత లోకం 2019లో ‘డిస్కో ఎలీసియం’ అయింది.

బాల్డర్స్ గేట్ 3

బెల్జియంలోని గెంట్ నగరంలో స్వెన్ వింకా నడిపే లారియన్ స్టూడియోస్, 2023 ఆగస్టు 3న ‘బాల్డర్స్ గేట్ 3’ని విడుదల చేసింది. అంతకు ముందు దాదాపు మూడేళ్ల పాటు దాని మొదటి అంకాన్ని ఆటగాళ్లకే అమ్మి, వాళ్ల మాటలు వింటూ సరిదిద్దింది. 2014 నాటి అయిదో కూర్పు నియమాలు దీనికి ఆధారం. ఇతర ఆటలు లోపల దాచే పాచికను ఇది తెర నడుమ పెట్టింది. తలుపు తాళమైనా, కాపలాదారుతో చెప్పే అబద్ధమైనా, ఇరవై ముఖాల పాచిక కళ్ల ముందే దొర్లుతుంది. ఓడిపోతే కథ ఆగదు, వేరే దారి పడుతుంది. నలుగురి జట్టు శత్రువును అంచు మీది నుంచి తోసేయవచ్చు, సీసా విసరవచ్చు, పెట్టెలు పేర్చి గోడ ఎక్కవచ్చు, చచ్చినవాడి చేత మాట్లాడించవచ్చు. ఆ ఏడాది ప్రధాన పురస్కారాలన్నీ దానికే దక్కాయి.

బల్ల దగ్గరి ఒక రహస్య అలవాటును కూడా ఈ ఆట అందుకుంది. చాలామంది సూత్రధారులు ఒక అట్ట తెర చాటున పాచికలు వేస్తారు. ఆటగాడికి వరుసగా దురదృష్టం పడుతుంటే, కథ చెడకుండా అంకెను కాస్త సవరించేవారూ ఉన్నారు. బాల్డర్స్ గేట్ 3లో ‘కార్మిక్ డైస్’ అనే ఏర్పాటు అదే పని చేస్తుంది. మరీ వరుసగా ఓటమి రాకుండా చూస్తుంది. మొదటి నుంచీ అది పనిచేస్తూనే ఉంటుంది, నికార్సయిన అదృష్టమే కావాలనుకున్నవాళ్లు ఆపేసుకోవచ్చు.

యంత్రానికి లొంగని పని

ఇంత చేసినా బాల్డర్స్ గేట్ 3లో చేయగలిగేవన్నీ ఎవరో ముందే ఊహించి, రాసి, గొంతు పలికించి పెట్టినవి. వాళ్లు ఊహించని పనికి తెర మీద మీట ఉండదు. యాభై ఏళ్లుగా కంప్యూటర్ ఆటల తయారీదారులు ఈ గోడ దగ్గరే ఆగుతున్నారు. ఒక మార్గం మనిషినే యంత్రంలో కూర్చోబెట్టడం. 2002లో బయోవేర్ తెచ్చిన ‘నెవర్‌వింటర్ నైట్స్’లో ఒకరు డంజన్ మాస్టర్‌గా చేరి, ఆట నడుస్తుండగానే భూతాలను దింపి, పాత్రల గొంతుతో మాట్లాడగలరు. లారియన్ 2017లో ‘డివినిటీ: ఒరిజినల్ సిన్ 2’లో అలాంటి ఏర్పాటే చేసింది. రెండో మార్గం భాషా నమూనాలది. 2019 చివర్లో వచ్చిన ‘ఏఐ డంజన్’ ఆటగాడు ఏం టైపు చేసినా కాదనకుండా కథ అల్లేది. దాని ఇబ్బంది మరోలా ఉండేది. కాసేపటి కిందట చచ్చిన శత్రువు మళ్లీ నవ్వుతూ వచ్చేవాడు, చేతిలోని కత్తి మాయమయ్యేది. దేనికైనా సరేననే సూత్రధారి దగ్గర గెలుపుకు రుచి లేదని కూడా ఆటగాళ్లు గ్రహించారు.

ఈలోగా బల్ల ఖాళీ కాలేదు. 2015లో ‘క్రిటికల్ రోల్’ పేరుతో కొందరు గాత్ర నటులు తమ ఆటను ఇంటర్నెట్‌లో ప్రసారం చేయడం మొదలుపెట్టారు. ఒకరు ఆడుతుంటే చూసి నేర్చుకునే వీలు వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ‘స్ట్రేంజర్ థింగ్స్’ టీవీ ధారావాహిక మొదటి భాగంలోనే నలుగురు పిల్లలు ఈ ఆట ఆడుతూ కనిపిస్తారు. కరోనా రోజుల్లో జట్లు వీడియో కాల్స్‌లోకి, ‘రోల్20’ లాంటి వెబ్ బల్లల మీదికి మారాయి. ఆటకు యాభై ఏళ్లు నిండిన 2024లో నియమాలు మరోసారి సవరణలతో వచ్చాయి.

ఇప్పుడు చాలా బల్లల మీద పుస్తకాల పక్కన ఫోన్లు, ట్యాబ్లెట్లు ఉంటున్నాయి. ‘డి అండ్ డి బియాండ్’ వంటి సాధనాలు గుణాలు కూడతాయి, హిట్ పాయింట్లు తీసివేస్తాయి, పాచిక కూడా వేసి పెడతాయి. 1974లో పెన్సిలుతో గంటలు పట్టిన లెక్కంతా యంత్రం చేతికి వెళ్లింది. తలుపు తట్టినప్పుడు లోపలి నుంచి ఎవరు పలకాలో, ఏమని పలకాలో చెప్పే పని సూత్రధారి దగ్గరే ఉంది.